మూత లోపలి చీటీ

మోటార్ల వర్క్‌షాపు, పరీక్ష గది
సోమవారం, భోజనాల వేళ

మామయ్యా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటావిడ నా భుజం మీద తల పెట్టి నాలుగు గంటలు నిద్రపోయింది. కదిలితే లేస్తుందని నేను బొమ్మలా కూర్చున్నాను. నువ్విచ్చిన మీటరు మాత్రం దారి పొడవునా నా ఒళ్ళోనే ఉంది.

అయినా నువ్వు మహానుభావుడివి. బస్సు కదులుతుంటే ఎవరైనా "జాగ్రత్త తల్లీ" అంటారు. నువ్వు "హమ్మయ్య, పీడ విరగడైంది, ఇకనైనా నా స్క్రూలు నాకు మిగులుతాయి" అని చేతులు దులుపుకున్నావు. అది విని పక్క సీటావిడ "ఎవరమ్మా ఆయన, మీకు పడదా?" అని అడిగింది. మా మామయ్య, పదేళ్ళప్పటినుంచీ నన్ను పెంచింది ఆయనే అంటే నమ్మలేదు.

ఇక్కడ కాలిపోయిన మోటార్లకి పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుడతారు. చుట్టినదాన్ని నేను కొలవాలి. నా అంకె పుస్తకంలో ఉన్న అంకెకి దగ్గరగా ఉంటే పచ్చ చీటీ, లేకపోతే ఎర్ర చీటీ. వందకి ఐదు వరకూ తేడా ఒప్పుకుంటారు. ఆరు నెలలు చూసి, పనికొస్తానంటే ఉంచుతారట.

మొదటి రోజే యజమాని పరీక్ష పెట్టాడు. "చుట్టిన తీగ రెసిస్టెన్స్ తక్కువ వచ్చిందనుకో, ఏమనుకుంటావు?" అన్నాడు. చుట్లు తగ్గాయనుకుంటానని చెప్పాను. "మరి ఆ మిగిలిన తీగ ఎటు పోయిందనుకుంటావు?" అన్నాడు. అది నా పని కాదండీ అన్నాను. నవ్వాడు, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చుట్టేవాళ్ళు నలుగురు. ముగ్గురు ఫ్యాన్ల మోటార్లు చుడతారు, సన్న తీగతో. పెద్ద మోటార్లు, లావు తీగవి, ఒక్కావిడే చుడుతుంది. ఆవిణ్ణి అందరూ పెద్దత్త అంటారు. పాతికేళ్ళ నుంచి అదే స్టూలు, అదే బల్ల. తీగల గది తాళంచెవి ఆవిడ నడుముకే ఉంటుంది. వాళ్ళింటి వెనక గదే నేను అద్దెకి తీసుకున్నాను. పొద్దున్నే గ్లాసు నిండా కాఫీ ఇస్తుంది, తాగేదాకా కదలనివ్వదు.

వర్క్‌షాపు మీటరుకి తెర సగం చచ్చిపోయింది, ఎనిమిదికీ సున్నాకీ తేడా తెలీదు. అందుకని నీదే వాడుతున్నాను. నువ్వు నేర్పినట్టే ముందు రెండు కొనలూ ఒకదానికొకటి ఆనించి చూసుకున్నాను. కొలిచే తీగలు ఎంత మెత్తగా ఉన్నాయో! నీ కొట్లో ఎప్పుడూ గమనించనేలేదు. మూత లోపల నువ్వు అంటించిన "0.4 తీసెయ్" చీటీ చూసి పెద్దత్త ఇదేమిటని అడిగింది. కొలిచే తీగలకీ సొంత రెసిస్టెన్స్ కొంత ఉంటుంది, అది కూడా అంకెలో కలిసి వస్తుంది, దాన్ని తీసేస్తేనే మోటారు అసలు లెక్క తెలుస్తుంది, ఇది మా మామయ్య దస్తూరీ అని గొప్పగా చెప్పాను.

"మీ మామయ్యకి అంత నమ్మకమా?" అంది. నాకుంది అన్నాను.

నీ స్క్రూల దొంగ

* * *

మీటర్ల కొట్టు, వెనక గది
శుక్రవారం

ఒసేయ్ ఫ్యూజూ,

పదేళ్ళప్పుడు నా బల్ల మీద ఫ్యూజు పేల్చి, పొగ పోయేలోపే "నేను కాదు" అన్నదానివి. ఇవాళ పదిమంది పనికి పచ్చ చీటీలూ ఎర్ర చీటీలూ కడుతున్నావా! కలికాలం అంటే ఇదే.

ఫోను చెయ్యలేదని మీ అమ్మతో చాడీ చెప్పావట. కొట్లో ఫోను ఆరు నెలలుగా విప్పే ఉందని నీకు తెలుసు. బాగుచేద్దామని విప్పింది నువ్వే. నేనిక్కడ హాయిగా ఉన్నాను. స్క్రూలన్నీ ఉన్నాయి. కొట్టు ప్రశాంతంగా ఉంది. కొంచెం ఎక్కువ ప్రశాంతంగా ఉంది, అంతే.

ఇక్కడో ఘోరం జరిగింది. పక్కవీధి తీగలాయన, అదే, రోజూ సాయంత్రం నాతో చదరంగం ఆడి ఓడిపోయే పెద్దమనిషి, నాకు కల్తీ రాగి అమ్ముతున్నాడు. మొన్న కొత్త చుట్టలోంచి పది మీటర్లు కోసి కొలిచాను. 2.1 రావాలి. నా బల్ల మీద మీటరుకి 0.1 తీసెయ్యడం ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, తీసేసే చూశాను. 2.4! రాగిలో ఏదో కలిపితే తప్ప అంత రాదు. నిలదీశాను. "నా రాగి బంగారం" అన్నాడు. బంగారం కొనుక్కోవాలంటే నీ దగ్గరికెందుకు వస్తానన్నాను. బోర్డు మీద పావులన్నీ చేత్తో తుడిచేసి వెళ్ళిపోయాడు. నేను గెలుస్తున్న ఆట.

ముప్ఫై ఏళ్ళ స్నేహమే గానీ, అంకె అంకే.

నీ పనిలో నువ్వు మొహమాటపడకు. మీటరు ఎంత చెబితే అంత రాయి.

పీడ విరగడైన మామయ్య

* * *

పరీక్ష గది
బుధవారం, వాన పడుతోంది

మామయ్యా,

మొహమాటపడలేదు. పడకపోవడం వల్ల ఏమవుతుందో ఇప్పుడు తెలుస్తోంది.

ఈ మూడు వారాల్లో పెద్దత్త చుట్టిన మోటార్లలో ఏడింటికి ఎర్ర చీటీ కట్టాను. మొదటిదానికి పుస్తకంలో 3.2 ఉంది, నాకు 2.9 వచ్చింది. తర్వాతది 2.4 ఉండాలి, 2.1 వచ్చింది. 4.1 ఉండాల్సింది 3.8. మిగతా ముగ్గురివీ ఒక్కటీ తప్పలేదు. ఫ్యాను మోటారు 62 ఉండాలి, 61.7 వచ్చింది, పచ్చ చీటీ కట్టి పంపించేశాను.

యజమాని నా భుజం తట్టాడు. "ఇన్నాళ్ళకి కళ్ళున్న మనిషి దొరికింది" అన్నాడు. అబద్ధం చెప్పను, ఆ పూట నా కాళ్ళు నేల మీద లేవు. తర్వాత ఆయన పెద్దత్త బల్ల దగ్గరికి వెళ్ళి, అందరూ వింటుండగా, "చుట్లు తగ్గుతున్నాయి. తీగ ఎటు పోతోంది?" అన్నాడు. ఆవిడ చేతిలో తీగ అలాగే ఆగిపోయింది. నా వైపు ఒకసారి చూసింది.

సాయంత్రం ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం, ఒకటే గొడుగు. ఆవిడ గొడుగు. నేను తడవకుండా నా వైపే వంచింది గానీ దారంతా మాట లేదు. దానికన్నా తిట్టినా బాగుండేది.

పొద్దున కాఫీ వచ్చింది. గ్లాసు ముప్పాతిక దాకానే ఉంది.

ఫ్యూజు

* * *

మీటర్ల కొట్టు
ఆదివారం, మధ్యాహ్నం

ఫ్యూజూ,

కాఫీ తగ్గిందని కుంగిపోతే ఈ వృత్తిలో ఉండలేవు. నేను ఎంతమంది మొహాలు మాడగొడితే ఈ కొట్టు నిలబడిందో!

అయినా నీకు అనుమానం రాకుండా ఒక లెక్క చెబుతాను. ఏ మీటరైనా వందపాళ్ళు నిజం చెప్పదు. ఎంతవరకూ తప్పొచ్చో దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. నీ మీటరుకి వందకి ఒకటి, ఆపైన చివరి అంకెలో రెండు. చివరి అంకె ఎప్పుడూ నిలకడ లేనిది, కుదురుగా కూర్చోదు. దాని మాట మరీ పట్టించుకోకూడదు. ఇప్పుడు నీ మోటారు చూడు. మూడు ఓమ్‌ల మీద వందకి ఒకటి అంటే లెక్కలోకే రాదు, 0.03. చివరి అంకెలో రెండు అంటే 0.2. మొత్తం కలిపినా పావు ఓమ్ దాటదు. నీకొచ్చిన తేడా 0.3. అంటే మీటరు హద్దులోపలి తేడా కాదు, బయటి తేడా. కాబట్టి మీటరు నిర్దోషి. ఇక ఎవరు మిగిలారు? చుట్టినావిడ.

ఈ లెక్కతోనే తీగలాయన నోరు కూడా మూయించాను. ఆయనకీ సరిగ్గా 0.3 తేడా. పైగా ఇంకో చుట్ట తెచ్చి పెట్టాడు, దాన్నీ కొలిచాను, మళ్ళీ 0.3 ఎక్కువే. పదికి బదులు అయిదు మీటర్లే కోసి కొలిచాను, అప్పుడూ 0.3 ఎక్కువే. ఎంత కోసినా వదలని కల్తీ! సరుకంతా తిప్పి పంపేశాను. దానికి జవాబుగా ఆయన నా గుర్రం పావుని పొట్లం కట్టి పంపించాడు. ఆయన దగ్గర పదేళ్ళుగా ఉండిపోయిందట, ఇన్నాళ్ళూ దాని బదులు ఒక స్క్రూ పెట్టి ఆడాం. ఇక ఆడేది లేదని అర్థం.

సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచడం లేదు. నిన్న కుడి చేత్తో నల్ల పావులూ ఎడం చేత్తో తెల్ల పావులూ ఆడాను. ఎడం చెయ్యి గెలిచింది.

నా మీటరు తప్పు చెప్పదు. ధైర్యంగా ఉండు.

మామయ్య

* * *

పెద్దత్తగారి ఇంటి వెనక గది
గురువారం

మామయ్యా,

నీ లెక్క బాగానే ఉంది. నాకే మనసు బాగాలేదు.

సోమవారం పెద్దత్త ఒక ఎర్ర చీటీ మోటారుని ఎత్తుకొచ్చి నా బల్ల మీద ధడేల్మని పెట్టింది. "పుస్తకంలో కాయిల్‌కి ఎన్ని చుట్లు?" అంది. అరవై నాలుగు అన్నాను. "విప్పుతాను, లెక్కపెట్టు" అంది. తన చేత్తో చుట్టినదాన్ని తనే విప్పడం మొదలుపెట్టింది. నేను పైకి లెక్కపెడుతున్నాను. ఇరవై దాకా వచ్చేసరికి మిగతా ముగ్గురూ పని ఆపి చుట్టూ చేరారు. అరవై రెండు, అరవై మూడు, అరవై నాలుగు. తీగ కొస ఊడి వచ్చి నా పుస్తకం మీద పడింది.

"ఇంకోటి విప్పనా?" అంది. వద్దన్నాను.

చుట్లు సరిగ్గానే ఉన్నాయి, తీగ మందమూ సరిగ్గానే ఉంది. మీటరేమో తక్కువ చూపిస్తోంది. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఆవిడ కళ్ళలోకి చూస్తే ఆవిడ అనిపించదు. నీ చీటీ చూస్తే నువ్వు కాదనిపిస్తుంది.

ఈ సంగతి యజమానికి చెబితే "పాతికేళ్ళ అనుభవం అమ్మా, విప్పి చూపించడానికి ఒకటి సరిగ్గా చుట్టి ఉంచుకుంటుంది" అన్నాడు. ఆవిణ్ణి ప్యాకింగ్ గదిలో కూర్చోబెట్టారు, మోటార్లకి కాగితం చుట్టడానికి. తీగల గది తాళంచెవి తీసుకున్నారు. నడుముకి దాన్ని కట్టిన తాడు మాత్రం అలాగే ఉంది, ఆవిడ మాటిమాటికీ అక్కడ తడుముకుంటోంది. నెలాఖరుకి వేరే పని చూసుకోమన్నారట. ఆ మాట నాకు ఆవిడ చెప్పలేదు, గోడ అవతల కూతురితో చెబుతుంటే విన్నాను. "దొంగ అనలేదు, అంటే బాగుండేది, జవాబు చెప్పేదాన్ని" అంది.

పదకొండు ఎర్ర చీటీలయ్యాయి. అన్నీ నా చేత్తో కట్టినవే.

కాఫీ ఇంకా ఇస్తోంది. సగం గ్లాసు. చక్కెర వెయ్యడం మానేసింది.

నేనేం చెయ్యను మామయ్యా? నువ్వే ఒక దారి చెప్పు.

* * *

మీటర్ల కొట్టు
మంగళవారం

ఫ్యూజూ,

ఇంకోసారి కొలువు. జాగ్రత్తగా కొలువు. నీ చెయ్యి వణికి ఉంటుంది, కొనలు గట్టిగా ఆనించి ఉండవు. తుప్పు ఉంటే గీకి కొలువు. మీటరు బ్యాటరీ మార్చు.

అంతకుమించి నాకేమీ తోచడం లేదు. నా ఒంట్లోనూ బాగాలేదు. జ్వరం కాదులే, సాయంత్రం అయ్యేసరికి అదోలా ఉంటోంది. తీగలాయన కొట్టు ముందునుంచి వెళ్ళాల్సి వస్తుందని పాల కోసం చుట్టూ తిరిగి వెళుతున్నాను.

మామయ్య

* * *

పెద్దత్తగారి ఇంటి వెనక గది
శనివారం, తెల్లవారింది

మామయ్యా,

కూర్చుని చదువు. కొట్లో ఎవరైనా ఉంటే పంపించెయ్.

నువ్వు చెప్పినట్టే మళ్ళీ కొలిచాను. గీకి కొలిచాను, బ్యాటరీ మార్చి కొలిచాను. అవే అంకెలు. అప్పుడు పదకొండు మోటార్ల లెక్కా ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. 3.2కి 0.3 తక్కువ. 2.4కి 0.3 తక్కువ. 4.1కీ 0.3 తక్కువే. పదకొండుకి పదకొండూ అంతే.

ఆవిడ తీగ మిగుల్చుకునే మనిషే అయితే ఒకదాంట్లో కొంచెం, ఒకదాంట్లో ఎక్కువ తీస్తుంది కదా? పెద్ద మోటారులో ఎక్కువ తీస్తుంది. అన్నిట్లోనూ ఒకే కొలతగా దొంగతనం చేసే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

ఇంకో సంగతి. ఫ్యాను మోటార్లకి పచ్చ చీటీ కట్టానన్నాను కదా, 62కి 61.7 వచ్చిందని. అది కూడా 0.3 తక్కువే! అరవైలో కనపడలేదు, మూడులో కొండంత కనపడింది. ఆ ముగ్గురూ మంచివాళ్ళయి ఆవిడొక్కతే దొంగయింది, రెసిస్టెన్స్ తక్కువుండే లావు తీగ చుట్టడం వల్ల!

అప్పుడు నీ పాత ఉత్తరాలు తీశాను. నీకు పది మీటర్లకి 0.3 ఎక్కువ వచ్చింది. అయిదు మీటర్లకీ 0.3 ఎక్కువే. కల్తీ రాగి అయితే సగం తీగకి సగమే ఎక్కువ రావాలి కదా మామయ్యా. ఈ లెక్క నాకు నేర్పింది నువ్వే. "ఎంత కోసినా వదలని కల్తీ" అని రాస్తూ నువ్వే గమనించలేదు.

నీకు ఎక్కువైనదీ నాకు తక్కువైనదీ ఒక్కటే. నా దగ్గర పోయింది నీ దగ్గరికి చేరింది. నిజం చెప్పు, నా సంచీలో పెట్టే ముందు ఈ మీటరుకి ఏం చేశావు?

నన్ను కూడా ఒక నిజం చెప్పనీ. మొదటి రోజు కొనలు కలిపి చూశానన్నాను కదా. అప్పుడు 0.1 వచ్చింది. నీ చీటీ మీద 0.4 ఉంది. తెర మీది అంకె పొరపాటు అయ్యుంటుందని నీ చీటీయే నమ్మాను. ఎందుకంటే అది నీ దస్తూరీ. ఎదురుగా మీటరు నిజం చెబుతుంటే దాని నోరు మూయించాను.

సోమవారం పొద్దున యజమాని దగ్గరికి వెళుతున్నాను. నీ జవాబు వచ్చేదాకా ఆగలేను, నెలాఖరుకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నన్ను పంపించేస్తే ఇంటికి వచ్చేస్తాను, స్క్రూలు దాచుకో. నాకు చాలా భయంగా ఉంది.

ఫ్యూజు

* * *

మీటర్ల కొట్టు
సోమవారం

తల్లీ,

నీ ఉత్తరం చదివి వెంటనే నా బల్ల మీటరు కొనలు రెండూ కలిపి చూశాను. 0.4. ముప్ఫై ఏళ్ళుగా వచ్చినవాడికల్లా "ముందు కొనలు కలుపు" అని పాఠం చెప్పే నేను, ఈ నెలన్నరలో ఒక్కసారి కూడా కలిపి చూడలేదు. నాకు మొహం చెల్లడం లేదు.

ఏం చేశానో చెబుతాను. నవ్వకు.

నువ్వు వెళ్ళే రోజు, బస్సుకి ఇంకా అరగంట ఉండగా, స్క్రూడ్రైవరు వెతకాలని వెనక గదిలోకి వెళ్ళాను గుర్తుందా? స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉంది. లోపలికి వెళ్ళి ఏడ్చాను. బయటికి వినపడకుండా తువ్వాలు నోట్లో పెట్టుకున్నాను. నీకేదైనా మంచి వస్తువు ఇవ్వాలనిపించింది. నా దగ్గరున్న మంచి వస్తువల్లా నా బల్ల మీటరు కొలిచే తీగలు. అవి ఊడదీసి నీ మీటరుకి పెట్టాను, నీ పాత తీగలు నాకు పెట్టుకున్నాను. చీటీ మార్చాలి కదా? కళ్ళ నిండా నీళ్ళు, చీటీ కనపడలేదు. అంతలో నువ్వు "మామయ్యా, బస్సు!" అని అరిచావు. మొహం కడుక్కుని వచ్చి, దొరికిపోతానేమోనని "పీడ విరగడైంది" అన్నాను.

ఆ మర్నాటి నుంచి మంచి తీగలకి తీసే 0.1నే ఆ పాత తీగలకీ తీస్తూ వచ్చాను. అలవాటు. నీ చెయ్యి వణికి ఉంటుందని నిన్నే అన్నాను కూడాను.

మీటరు తన హద్దు దాటలేదు ఫ్యూజూ, అది నిజమే. హద్దు లెక్క వేరు, సున్నా దగ్గరే తప్పడం వేరు. మొదలే జరిగి ఉంటే మీటరు ఎంత మంచిదైనా ఆ తప్పునే మోస్తుంది. ఇది తెలిసి కూడా నీకు సగం పాఠమే చెప్పాను, నా పరువు కాపాడుకోవడానికి పనికొచ్చే సగం.

తప్పు నాదని మీ యజమానికి చెప్పు. కావాలంటే ఈ ఉత్తరం చూపించు. ఏడ్చానన్న భాగం మాత్రం చెయ్యి అడ్డం పెట్టి చూపించు.

నేనిప్పుడు తీగలాయన కొట్టుకి వెళుతున్నాను. ముందు వైపు నుంచే.

మామయ్య

* * *

పరీక్ష గది
గురువారం

మామయ్యా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అప్పటికే అన్నీ అయిపోయాయి.

సోమవారం పొద్దున యజమానిని అందరినీ పిలవమన్నాను. ప్యాకింగ్ గదిలోంచి పెద్దత్త కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మీటరు బల్ల మీద పెట్టి, కొనలు కలిపి, తెర వాళ్ళ వైపు తిప్పాను. 0.1. మూత లోపలి చీటీ చూపించాను. 0.4. తర్వాత ఆ చీటీ పీకేసి, ఎర్ర చీటీ మోటార్లు ఒక్కొక్కటీ కొలిచాను. 3.2. 2.4. 4.1. అంకెలు నేను చదవలేదు, ఫ్యాన్లు చుట్టే ఆయన్ని చదవమన్నాను. విప్పేసిన మోటారు పోను పది ఉన్నాయి. పదికి పదీ పుస్తకంలో ఉన్నంతే వచ్చాయి.

"తప్పు నాది. పెద్దత్త ఒక్క చుట్టు కూడా తగ్గించలేదు" అన్నాను. ఇంకా ఏదో అందామనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది.

యజమాని లోపలికి వెళ్ళి, ఆవిడ స్టూలు తనే మోసుకొచ్చి బల్ల ముందు వేశాడు. పెద్దత్త కూర్చోలేదు. "స్టూలు సరే, తాళంచెవి?" అంది. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. అందరి ముందూ తాడుకి మూడు ముళ్ళు వేసుకుని, అప్పుడు కూర్చుంది.

నన్నేం చెయ్యాలని ఆయన ఆవిణ్ణే అడిగాడు. ఆవిడ వేలు పెట్టి విప్పేసిన మోటారు చూపించింది. "అది ఈ అమ్మాయి చుట్టాలి. నా పక్కన కూర్చుని, పైకి లెక్కపెడుతూ" అంది. అంతే అంది. యజమాని మాత్రం నా ఆరు నెలలూ మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కేస్తానన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను.

మూడు రోజులుగా చుడుతున్నాను. నా చేతులు చూస్తే జాలిపడతావు. ముప్ఫై ఏడు దగ్గర తీగ మెలిపడితే మొత్తం విప్పించింది.

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు అంచుదాకా వచ్చింది. మోసుకెళుతుంటే చెయ్యి కాలింది. చక్కెర కూడా రెట్టింపు వేసింది, పాత బాకీ కాబోలు.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. పెద్దత్తకి మాత్రం చదివి వినిపించాను. చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఫ్యూజు

* * *

అన్నయ్యగారికి,

నమస్కారం. నేను మీ అమ్మాయికి గది అద్దెకిచ్చినదాన్ని. మీరు మార్చని చీటీ పుణ్యమా అని పదకొండు రోజులు ప్యాకింగ్ గదిలో కాగితాలు మడిచాను. అమ్మాయి మీద కోపం సోమవారమే పోయింది. అందరూ వింటుండగా పోగొట్టిన పరువుని అందరూ వింటుండగానే తిరిగి ఇచ్చింది. అలా ఇచ్చినవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు.

మీ మీద కోపం ఇంకా పోలేదు. ఆదివారం రండి. మీ చేత కూడా ఒక కాయిల్ లెక్కపెట్టించాలి. తువ్వాలు మీదే తెచ్చుకోండి.

మీ ఉత్తరం చదివి అమ్మాయి చాలా ఏడ్చింది. మీకు చెప్పొద్దంది, అందుకే చెబుతున్నాను.

ఇట్లు,
అరవై నాలుగు చుట్లావిడ

* * *

మీటర్ల కొట్టు
శుక్రవారం

ఫ్యూజూ,

పెద్దత్తగారి ఉత్తరం అందింది. ఇంత పద్ధతిగా నన్నెవరూ తిట్టలేదు. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. తీగలాయన కూడా వస్తానంటున్నాడు, నేను అరవై నాలుగు సరిగ్గా లెక్కపెట్టలేకపోవడం కళ్ళారా చూడాలట. గుర్రం పావుని తిరిగి బోర్డు మీద పెట్టాను. నిన్న మూడు ఆటలు ఆడాం, మూడూ ఓడిపోయాను. ఒకటి మాత్రమే కావాలని ఓడాను.

ఈ కవరులో కొత్త చీటీ ఒకటి ఉంది, మూత లోపల అంటించుకో. తిరగేసి మరగేసి చూడకు, రెండు వైపులా ఖాళీయే. రోజూ పొద్దున్నే కొనలు కలిపి, ఎంత వస్తే అంత, పెన్సిలుతో, నీ చేత్తోనే రాసుకో. మర్నాడు చెరిపేసి మళ్ళీ చూడు. నా దస్తూరీ ఇక నీకు అక్కర్లేదు.

బస్సు దగ్గర అన్న మాట కూడా అలాగే చెరిపెయ్. నువ్వు లేక ఈ కొట్టు బోసిపోయింది తల్లీ.

మామయ్య